ఇంట్లోకి వచ్చే దారి, బయటికి పోయే దారి

వస్తువు గడప దాటి బయటికి పోయినప్పుడే ఇంటి బరువు తగ్గుతుంది. సజ్జ మీది మూటను దించి, దుమ్ము దులిపి, మళ్లీ సజ్జ ఎక్కించినంత మాత్రాన తగ్గేదేమీ లేదు. ఏటా ఉగాది ముందు, దసరా ముందు చాలా ఇళ్లలో నడుములు విరిగేలా జరిగే పని ఇదే. బూజు పోతుంది, గోడలకు రంగు పడుతుంది, సామాను మాత్రం గింజంత తగ్గదు. పండగైన పది రోజులకే ఇంటావిడ మళ్లీ అదే చోట అదే కత్తెర కోసం వెతుకుతుంటుంది. సామాను తగ్గించుకోవడాన్ని ఈమధ్య పట్నాల్లో ఒక కొత్త విద్యలా నేర్పుతున్నారు. నంద్యాల జిల్లా పాణ్యం, ఆళ్లగడ్డ ప్రాంతపు పాత ఇళ్లను చూస్తే ఇది అంత కొత్తదేమీ కాదని తెలుస్తుంది.

పాణ్యం నంద్యాలకు పడమరగా, కర్నూలు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే రైలు మార్గంలో దానికొక స్టేషను కూడా ఉంది. ఈ ఊరి పేరు భూగర్భ శాస్త్రవేత్తలకు బాగా తెలుసు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం ప్రచురించినప్పటి నుంచి ఇక్కడి ఒక రకం గట్టి రాతికి పాణ్యం పేరే స్థిరపడింది. చుట్టుపక్కల బేతంచెర్ల వైపు దొరికే నాపరాయి ఈ ప్రాంతపు ఇళ్లకు నేల అయింది, గోడ అయింది, కొన్నిచోట్ల కప్పు కూడా అయింది. గోడలో గూడు వదిలి అడ్డంగా ఒక బండ పెడితే అదే అర. ఇల్లు కట్టే రోజునే ఎన్ని గూళ్లు, ఎన్ని అరలు అన్నది తేలిపోయేది. ఆ తర్వాత పెంచడానికి వీలుండేది కాదు.

పాత మట్టిమిద్దె వస్తువుల విషయంలో కఠినమైన ఇల్లు. రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన మందపు గోడలు, దూలాల మీద దంతెలు, వాటిపైన చౌడుమట్టి, వెలుతురుకు కప్పులో ఒక గవాక్షి. కిటికీలు తక్కువ. చాలా ఇళ్లలో ఎద్దులు కూడా ముందుభాగంలోనే ఉండేవి. మిగిలిన చోటులోనే మనుషులు వండుకోవాలి, తినాలి, పడుకోవాలి. అందుకే ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉండేది. బట్టలు దండెం మీద, పెరుగు ఉట్టి మీద, దీపం గూట్లో, చాట గోడకు, నగలూ పత్రాలూ ట్రంకుపెట్టెలో. పగలంతా బొంతలు మడతపెట్టి ఒక మూలన పేర్చితే పడకగది పడసాలగా మారిపోయేది. ధాన్యానికి గాదెలు ఉండేవి, జొన్నలకు పాతర ఉండేది. నేలలో గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి పైన మట్టితో మూసేసేవారు. అవసరమైనప్పుడు ముందుగా మూత తీసి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, అప్పుడు దిగేవారు. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టే తిండిగింజలు ఇలా నేల కిందికి వెళ్లిపోయేవి.

పాత ఇంట్లో సామాను తక్కువగా ఉండడానికి పేదరికం ఒక కారణం, దాన్ని దాచనక్కర్లేదు. కానీ కలిగినవాళ్ల ఇళ్లలోనూ పోగు పడకపోవడానికి కారణం వేరే ఉంది. ప్రతి వస్తువుకూ చివరి మజిలీ తెలుసు. చిరిగిన చీర బొంతలోకి పోయేది, చిరిగిన బొంత ఎద్దు వీపు మీదికి పోయేది. పగిలిన కుండ కోళ్లకు నీళ్లతొట్టి అయ్యేది, అది కూడా పగిలితే మట్టిలో కలిసేది. విరిగిన మేడితోక పొయ్యిలోకి, పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి, పేడ దిబ్బలోకి, దిబ్బ చేలోకి. వాడి పారేసేది అంటూ దాదాపు ఏమీ లేదు కనుక చెత్తబుట్ట అవసరమే రాలేదు.

మారింది ఏమిటంటే, లోపలికి వచ్చే దారులు పెరిగాయి, బయటికి పోయే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. కాంక్రీటు ఇల్లు వచ్చి ప్రతి గదిలోనూ తలుపు ఎత్తున ఒక సజ్జ పోసింది. చేతికి అందని, కంటికి కనపడని ఆ చోటు ఎన్ని వస్తువులనైనా మింగుతుంది. మంచంలోనే పెట్టె ఉన్న మంచాలు, గోడ నిండా అల్మారాలు తర్వాత వచ్చాయి. దాచే చోటు పెరిగిన కొద్దీ దాచే వస్తువు పెరుగుతుంది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో 2001 నుంచి 2005 దాకా 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లను పరిశోధకులు గది గదీ తిరిగి చూశారు. కారు పెట్టుకోవడానికి కట్టుకున్న గ్యారేజీల్లో నాలుగింట మూడొంతులు కారు పట్టనంతగా సామానుతో నిండిపోయి కనిపించాయి. అక్కడ గ్యారేజీ చేసిన పనే ఇక్కడ సజ్జ చేసింది.

తెలుగు ఇళ్లలో పోగయ్యే వాటిలో స్టీలు గిన్నెలది ప్రత్యేకమైన కథ. పెళ్లిలో చదివింపులకు, గృహప్రవేశానికి, సీమంతానికి, చివరికి కర్మకాండకు కూడా గిన్నెలు పంచడం ఆనవాయితీ అయింది. వాటి మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటాయి. ఇంతకుముందు ఒక పెళ్లికి వచ్చిన బిందె ఇంకో పెళ్లికి చదివింపుగా వెళ్లేది. చదివింపుల పుస్తకం చూసుకుని, ఎవరు ఎంత పెట్టారో అంత తిరిగి పెట్టేవారు కనుక వస్తువు ఊళ్లో తిరుగుతూ ఉండేది. పేరు కొట్టించడంతో ఆ తిరుగుడు ఆగింది. పేరున్న గిన్నెను ఇంకొకరికి ఇవ్వడానికి మొగమాటం, వాడడానికి అవసరం లేదు, అమ్మడానికి మనసు రాదు. చచ్చేదాకా మోయవలసిన గిన్నెలివి. ఇవ్వదలిస్తే పేరు లేకుండా ఇవ్వడమో, బెల్లమో నూనెడబ్బానో లాంటి ఖర్చయ్యే వస్తువు పెట్టడమో చేస్తే తీసుకున్నవాళ్లకు మేలు.

వీటికి తోడు ప్లాస్టిక్ డబ్బాలు, నీళ్ల సీసాలు, మిఠాయి అట్టపెట్టెలు, ఆన్‌లైన్‌లో కొన్నవాటి ఖాళీ పెట్టెలు, పాత చార్జర్లు, పగిలిన ఫోన్లు, కాలేజీ అయిపోయిన పిల్లల గైడ్లు, గడువు తీరిపోయిన మందులు. మట్టిలో కలవనివి, పొయ్యిలో వేయకూడనివి. పాత ఇంటికి తెలిసిన దారుల్లో ఏ ఒక్కటీ వీటికి పనికిరాదు.

ఈ పోగు మనసును ఎలా పట్టి ఉంచుతుందో కొంత పరిశోధన జరిగింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కంటి ముందు ఎక్కువ వస్తువులు ఉంటే మెదడులో చూపుకు సంబంధించిన భాగంలో అవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. కావలసిన దాని మీద దృష్టి నిలపడానికి మెదడు మిగతా వాటిని పనిగట్టుకుని పక్కకు నెట్టాల్సి వస్తుంది. మనిషికి తెలియకుండానే ఆ శ్రమ సాగుతుంది. పైన చెప్పిన లాస్ ఏంజిలిస్ పరిశోధనలో భాగంగానే డార్బీ శాక్స్‌బీ, రెనా రెపెట్టి అనే పరిశోధకులు 60 మంది భార్యాభర్తల చేత తమ ఇంటిని తామే తిరిగి చూపిస్తూ మాట్లాడించి, కొన్ని రోజుల పాటు వారి లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడి సమయంలో ఊరే ఈ హార్మోను మామూలుగా పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గాలి. ఇల్లంతా చిందరవందరగా ఉంది, పనులు తెమలడం లేదు అని చెప్పిన భార్యల్లో అది తగ్గవలసినంతగా తగ్గలేదు. భర్తల్లో అలాంటి సంబంధం కనపడలేదు. 2010లో వచ్చిన ఈ ఫలితానికి ఆశ్చర్యపడే తెలుగు గృహిణి ఉండదు. వస్తువు ఎక్కడుందో చెప్పవలసింది, కనపడకపోతే వెతకవలసింది, చుట్టాలొస్తే సిగ్గుపడవలసింది ఆమే కదా.

మనశ్శాంతి మాట పక్కన పెట్టినా ఈ ప్రాంతంలో సామాను పోగుకు ఒంటి మీదికొచ్చే ప్రమాదాలున్నాయి. బండల సందుల్లో, పాత గోనెల కింద, కట్టెల మోపుల్లో తేళ్లు చేరతాయి. రాయలసీమ ఎర్రతేలు కుడితే పసిపిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు. ఎలుకలు చేరిన చోటికి పాము వస్తుంది. మిద్దె మీద పడేసిన పాత టైర్లు, పగిలిన తొట్లు, కొబ్బరి చిప్పల్లో వాన నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉండి తర్వాతి వానకు పొదుగుతాయి. శుక్రవారం ‘డ్రైడే’ అని ఆరోగ్య శాఖ సిబ్బంది ఇంటింటికీ తిరిగి నీళ్లు పారబోయమనేది ఇందుకే.

అయినా జనం వదులుకోలేరు. దీనికి లోభం అని పేరు పెట్టడం అన్యాయం. కర్నూలు, కడప, బళ్లారి సీమలను 1876 నుంచి 1878 దాకా పీడించిన ధాత కరువు లాంటివి తరతరాల అలవాట్లను మార్చాయి. వాన నమ్మకం లేని చోట ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అనుకోవడం బతుకుతెరువుకు సంబంధించిన తెలివి. ఆ తెలివి జొన్నలకు, గడ్డివామికి, నాగటి కర్రుకు సరిపోతుంది. ఐస్‌క్రీం డబ్బాకు సరిపోదు. ఈ తేడా ఇంట్లోని పెద్దవాళ్లతో తగువు పడకుండా మాట్లాడవలసిన విషయం.

ఇంకొక కారణం కరువుతో నిమిత్తం లేకుండా మనుషులందరిలోనూ ఉంది. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చారు. కప్పు చేతికి వచ్చినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, రానివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకు రెట్టింపు పైమాటే. తనదైన క్షణం నుంచే వస్తువు విలువ మనిషి దృష్టిలో పెరిగిపోతుంది. అందుకే ఇంట్లో ఎవరి సామాను గురించి వాళ్లే నిర్ణయించుకోవాలి. కోడలు అత్త పెట్టెను, మొగుడు పెళ్లాం అల్మారాను వాళ్లు లేనప్పుడు ఖాళీ చేస్తే ఇల్లు ఖాళీ కావచ్చు గానీ శాంతి రాదు.

సామాను తగ్గించి సర్దే పనికి ప్రపంచమంతా పేరు తెచ్చినది జపాన్‌కు చెందిన మేరీ కోండో. ఆమె పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చింది, 2019లో నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమంతో పాకిపోయింది. ఆమె పద్ధతిలో రెండు మాటలున్నాయి. మొదటిది, గది గదిగా కాకుండా రకం రకంగా సర్దాలి. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివరికి జ్ఞాపకాలతో ముడిపడినవి. రెండోది, వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు సంతోషం కలిగితేనే ఉంచుకోవాలి. మొదటి మాట ఎక్కడైనా చెల్లుతుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఒకే చోట పోస్తే తప్ప నలుగురున్న ఇంట్లో ఇరవై ఉన్నాయన్న సంగతి ఎవరికీ తెలియదు. రెండో మాట వ్యవసాయ కుటుంబానికి అతకదు. మందు కొట్టే స్ప్రేయరు, శనగలు ఆరబోసే పట్ట ఎవరికీ సంతోషం కలిగించవు, అయినా ఉండాలి. దానికి బదులు ఇక్కడివారికి తెలిసిన కొలబద్ద ఒకటుంది. పోయిన ఉగాదికీ ఈ ఉగాదికీ మధ్య దీన్ని ఎవరైనా ముట్టారా? ముట్టకపోతే వచ్చే ఉగాదికీ ముట్టరు. ఏడాది తిరిగేలోపు ఒక పంటకాలమంతా, అన్ని పండగలూ, కనీసం ఒక శుభకార్యమూ వస్తాయి కనుక ఈ పరీక్షలో నెగ్గని వస్తువు అరుదుగా అవసరపడుతుంది.

సమయం కూడా ఉగాది ముందే అనువు. రబీ శనగ ఇంటికి చేరి, ఎండలు ముదరక ముందు ఇంట్లో అందరికీ కాస్త తీరిక దొరుకుతుంది. ఆళ్లగడ్డ వైపు కనుమ నాటి నుంచి అహోబిలం నరసింహస్వామి పారువేట ఉత్సవం ఊరూరా తిరుగుతుంది. నలభై రోజులకు పైగా సాగే ఆ ఉత్సవం తమ ఊరికి వచ్చే ముందు అక్కడివారు ఇళ్లు శుభ్రం చేసుకుని ఆడబిడ్డలను, అల్లుళ్లను పిలుచుకుంటారు. వాళ్లకు ఆ పని అప్పుడే ముగుస్తుంది.

కాగితాల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషను పత్రాలు, పంపకాల కాగితాలు, పిల్లల మార్కుల జాబితాలు, బ్యాంకు అప్పు తీరినట్టు ఇచ్చిన పత్రాలు ఒక రేకుపెట్టెలో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పాలి. కట్టేసిన పాత కరెంటు బిల్లులు, పెళ్లిపత్రికలు, క్యాలెండర్లు కాగితాల బరువులో ఎక్కువ భాగం. అవి ఏ చింతా లేకుండా పోవచ్చు.

అసలు కష్టం బయటికి పంపడంలో ఉంది. సీమలో గుజిరీ అంగడి లేని ఊరు తక్కువ. ఇనుము, అట్ట, పేపరు, సీసాలు అక్కడికి చేరతాయి. ఇదివరకు వీధిలోకి వచ్చే బండివాడు పాత సామానుకు బొరుగులో, ఎర్రగడ్డలో కొలిచి ఇచ్చేవాడు. ఇప్పుడు డబ్బే ఇస్తున్నారు. ఇత్తడి కాగులు, రాగి బిందెలు మాత్రం తూకానికి అమ్మే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. కళాయి వేయిస్తే ఇంకో తరానికి వచ్చే పాత్రలవి. అమ్మేసి ఆ డబ్బుతో నాన్‌స్టిక్ కొంటే మూడేళ్లలో అదే చెత్త. పట్టుచీర జరీలో వెండి ఉండవచ్చు కనుక గడప దగ్గరికొచ్చి అడిగినవాడికి అడిగిన ధరకు ఇవ్వకూడదు. మామూలు నూలు చీరలు బొంతలకు అక్కరకొస్తాయి. బొంతలు కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కట్టుకోగలిగిన బట్టలను ఉతికి, గుండీలు సరిచేసి, నేరుగా అవసరమున్నవాళ్లకు ఇవ్వాలి. పాత బట్టలను పల్లెలకు చేర్చే పనిని దేశవ్యాప్త ఉద్యమంగా మలిచిన ‘గూంజ్’ సంస్థ స్థాపకుడు అన్షు గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. తీసుకునేవాడి మర్యాద చెడకుండా ఇవ్వాలన్నదే ఆయన మొదటి నుంచీ చెప్పినది. చిరిగినవాటిని దానం పేరుతో వదిలించుకోవడం దానం కిందికి రాదు.

పురుగుమందు డబ్బాలది వేరే దారి. ఖాళీ అయిన డబ్బాను కడిగి నీళ్లకో నూనెకో వాడే అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎంత కడిగినా అందులో విషం మిగులుతుంది. ఘనవ్యర్థాల నిర్వహణకు కేంద్రం 2016లో చేసిన నిబంధనలు పురుగుమందు డబ్బాలను, గడువు తీరిపోయిన మందులను, బ్యాటరీలను, ట్యూబులైట్లను ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కగట్టాయి. వీటిని తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా విడిగా ఇవ్వాలి. పాత ఫోన్లు, చార్జర్ల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. రాగి కోసం తీగలు కాల్చేవాడికి ఇవ్వడం కన్నా కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగడం మంచిది. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

భోగిమంట గురించి ఒక మాట. పాతవి వదిలించుకోవడానికి తెలుగువారు పెట్టుకున్న రోజు అది. కట్టెలు, పిడకలు, విరిగిన మంచం కోళ్లు వేసినంతకాలం బాగానే ఉంది. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, చెప్పులు వేస్తే వచ్చే పొగలో డయాక్సిన్ల లాంటి విషాలుంటాయి. ఆ మంట చుట్టూ చలి కాచుకునేది పిల్లలే.

రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఏడాదికి రెండు పండగల ముందే అంతా చేసేయాలని కూర్చునే బదులు, ఆ రోజున ఇంట్లో ఒక్క సజ్జ మాత్రం దించి చూసుకుంటే పని భయపెట్టదు. ఖాళీ అయిన సజ్జను ఖాళీగానే ఉంచడం మాత్రం నేర్చుకోవలసిన సంగతి. కొత్త దుప్పటి ఇంట్లోకి వచ్చిన రోజునే పాత దుప్పటి బయటికి పోయేలా చూసుకుంటే రెండోసారి ఇంత శ్రమ ఉండదు. అంగడిలో కొనే ముందు ‘దీన్ని ఎక్కడ పెడతాం’ అని అడిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి, ఆ మనిషి మాట మిగతావాళ్లు వినాలి.

కొద్దిమంది విషయంలో ఈ సలహాలేవీ పనిచేయవు. పాత పేపర్లు, చింపిరి గోనెలు, ఖాళీ సీసాలు కూడా పారేయలేక, ఎవరైనా ముట్టుకుంటే తీవ్రంగా కలవరపడుతూ, చివరికి వంటగదిలో వండుకోవడానికీ మంచం మీద పడుకోవడానికీ చోటు లేనంతగా నింపుకునేవారు ఉంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన జబ్బుల జాబితాలో దీన్ని ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన కొత్త వర్గీకరణలో గుర్తించింది. వయసు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. అలాంటివారి సామాను బలవంతంగా ఎత్తి పారేస్తే వ్యాధి తగ్గదు, ఇంటివాళ్ల మీద నమ్మకం మాత్రం పోతుంది. వారికి కావలసింది వైద్యం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.